పొగాకు వేలంలో ప్రశ్నకు దొరికిన చోటు

1985లో బొంబాయి దలాల్ స్ట్రీట్‌లో షేర్ల బేరాలు ఇంకా రింగులో నిలబడి, చేతులు ఊపుతూ, అరుచుకుంటూ జరిగేవి. ఆ బజారును కనిపెట్టి ఉండటానికంటూ దేశంలో ప్రత్యేక సంస్థ ఏదీ లేదు. ఆ పనికి సెబీ పుట్టింది 1988లో. దానికి చట్టబద్ధమైన అధికారాలు దక్కింది 1992లో. అదే 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకు బహిరంగ వేలంలోకి వచ్చింది. కొనేవాడికి పొగాకు బోర్డు రిజిస్ట్రేషను, పండించేవాడికి రిజిస్ట్రేషను, సరుకుకు మూడో మనిషి కట్టే గ్రేడు, అమ్మిన సొమ్ము బోర్డు ద్వారా రైతుకు. కోట్లు పెట్టి షేర్లు కొనే మదుపరికి ఇంకా అందని రక్షణ మెట్ట పొలంలో ఆకు పండించే రైతుకు ముందే అందింది. పశ్చిమగోదావరి మెట్ట గురించి రాసేటప్పుడు పోలవరం, ఏజెన్సీ, ఎర్రకాలువ వరదలు గుర్తొస్తాయి గానీ ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి చుట్టూ ఉన్నవి తేలిక నేలలు. పొగాకు వ్యాపారంలో వీటిని ఎన్‌ఎల్‌ఎస్ అంటారు, అంటే ఉత్తరాది తేలిక నేలలు. ప్రకాశం, నెల్లూరు వైపు ఉన్నవి దక్షిణాది తేలిక నేలలు, ఎస్‌ఎల్‌ఎస్. జంగారెడ్డిగూడెంలో రెండు వేలం కేంద్రాలున్నాయి. మిగతా మూడు ఊళ్లలో ఒక్కొక్కటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం ఏలూరు జిల్లాలో చేరాయి. గోపాలపురం, దేవరపల్లి తూర్పుగోదావరికి వెళ్లాయి. నేల మాత్రం ఒకటే, ఆకూ ఒకటే.

ఈ పంటలో రైతు పెట్టే కష్టం చూస్తేనే ధర దగ్గర అతను ఎందుకంత ఉలిక్కిపడతాడో అర్థమవుతుంది. నారుమడి పోసి, వానలు వెనకబట్టాక నాట్లు వేస్తారు. ఆకు కింది నుంచి పైకి విడతలు విడతలుగా పక్వానికొస్తుంది, కోత కూడా అలాగే. కోసిన పచ్చాకును కర్రలకు అల్లి బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీస్తారు. కింద పొయ్యి, లోపల వేడిగాలి పోయే రేకు గొట్టాలు. తొలిరోజు తొంభై, తొంభై అయిదు డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పసుపెక్కాలి. తర్వాత ఆ రంగు నిలవాలి. చివరికి ఈనె ఎండే వేళకు వేడి నూట అరవై దాకా ఎక్కుతుంది. దాదాపు వారం రోజులు రాత్రింబవళ్లు పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, ఆలస్యం చేస్తే గోధుమ రంగుకు దిగుతుంది. బ్రైట్ గ్రేడు కావాల్సిన ఆకు ఒక్క రాత్రి పొరపాటుతో లోగ్రేడు అయిపోతుంది. కౌలు, కట్టెలు, కూలీలు, బ్యాంకు అప్పు అన్నీ ఆ రంగు మీదే ఆధారపడి ఉంటాయి.

మరి ఆ రంగుకు పేరు పెట్టేదెవరు? వేలం రాకముందు కొనేవాడే పెట్టేవాడు.

వర్జీనియా పొగాకు తెలుగునాట గుంటూరు ప్రాంతంలో 1920లలో స్థిరపడింది. బ్రిటిష్ సిగరెట్ వ్యాపారానికి ఆకు సమకూర్చే ఐఎల్‌టీడీ కంపెనీ చీరాల నుంచి ఈ పంటను పెంచింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వచ్చింది. గోదావరి జిల్లాల మెట్టకూ లంకలకూ అది పెద్ద దిక్కయింది. ఈ కథలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. సరుకు నాణ్యత మీద ప్రభుత్వ తనిఖీ రైతు కోసం మొదలవలేదు. 1937లో వచ్చిన ఆగ్‌మార్క్ చట్టం కింద ఎగుమతి పొగాకుకు గ్రేడింగ్ తప్పనిసరి అయింది. ఆ ముద్ర లండన్‌లో పెట్టె విప్పే కొనుగోలుదారుకు భరోసా. గోదాము గుమ్మం దగ్గర బండి నిలిపిన రైతుకు దానితో పనిలేదు. అక్కడ వ్యాపారి చెప్పిందే గ్రేడు, చెప్పిందే ధర. డబ్బు కూడా అతను ఇచ్చినప్పుడే. ఆకు దిగిపోయాక, చీటీ చేతిలో పట్టుకుని నెలల తరబడి తిరిగిన రైతులు కోస్తా పొగాకు ఊళ్లన్నిటా ఉన్నారు. 'ఈ గ్రేడు ఎందుకు కట్టారండీ?' అని అడగొచ్చు. కానీ అడిగిన రైతు ఆకు మరుసటి ఏడు కొంటారన్న హామీ ఎక్కడుంది? అందుకే ఆ మాట గొంతులోనే ఉండిపోయేది.

పొగాకు బోర్డు చట్టం 1975లో వచ్చింది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా బోర్డు ఏర్పడింది. స్వదేశంలోనూ విదేశాల్లోనూ వర్జీనియా పొగాకు బజారును ఎప్పటికప్పుడు కనిపెట్టి ఉండటం, రైతుకు న్యాయమైన, గిట్టుబాటయ్యే ధర దక్కేలా చూడటం, ధరల్లో విపరీతమైన ఎగుడుదిగుళ్లు లేకుండా చూడటం బోర్డు విధులని ఆ చట్టంలోనే రాశారు. వేలం కేంద్రాలు పెట్టి, అక్కడ బోర్డే వేలందారుగా వ్యవహరించే అధికారమూ ఆ చట్టంలో ఉంది. 1984లో ముందు కర్ణాటకలో, మరుసటి ఏడు ఆంధ్రలో వేలం మొదలైంది. చట్టం వచ్చిన తర్వాత కూడా రైతు మరో తొమ్మిది, పదేళ్లు ఎదురుచూశాడన్నమాట. ఇంత ఆలస్యాన్ని సర్దిచెప్పడం కష్టం.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, డాన్‌విల్‌లో 1858లో ఆకును గుట్టలుగా పరిచి బహిరంగంగా వేలం వేయడం మొదలుపెట్టారు. అక్కడా కొన్నాళ్లకు రైతుల గోడు ఒకటే. ధర పైకి పాడుతున్నారు సరే, నా ఆకు ఏ రకమో నాకు చెప్పేదెవరు? 1935లో అమెరికా ప్రభుత్వం పొగాకు తనిఖీ చట్టం తెచ్చి, వేలానికి ముందే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఉచితంగా గ్రేడు కట్టేలా చేసింది. దానికి ఏడాది ముందు, 1934లో, షేర్ల బజారు మీద నిఘాకు ఎస్‌ఈసీని నెలకొల్పింది. రెండు చట్టాలూ ఒకే దశాబ్దపు కష్టంలోంచి వచ్చాయి.

ఎస్‌ఈసీ పుట్టుక వెనక ఒక ప్రశ్నలమారి మనిషి ఉన్నాడు. సిసిలీ నుంచి చిన్నతనంలో వలస వచ్చిన ఫెర్డినాండ్ పెకోరా. 1933లో సెనేట్ బ్యాంకింగ్ కమిటీ తరఫు న్యాయవాదిగా వాల్‌స్ట్రీట్ పెద్దలను ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టాడు. 1929 పతనానికి కారణమేమిటని అడిగి ఉంటే, ఉపన్యాసాలు వినేవాడు. అతను అలా అడగలేదు. మీరు ఏ తేదీన ఎవరికి ఎన్ని షేర్లు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఆ ఏడు ఆదాయపు పన్ను ఎంత కట్టారు అని అడిగాడు. నేషనల్ సిటీ బ్యాంకు అధిపతి చార్లెస్ మిచెల్ తన షేర్లను భార్యకు అమ్మి నష్టం చూపించిన సంగతి అలాగే బయటపడింది. 1931, 1932 సంవత్సరాలకు జె.పి.మోర్గాన్ పైసా ఆదాయపు పన్ను కట్టలేదని తేలింది కూడా అలాంటి ప్రశ్నలతోనే. అభిప్రాయం అడిగితే తప్పించుకోవచ్చు. తేదీ, అంకె, పేరు అడిగితే తప్పించుకోవడం కష్టం.

జంగారెడ్డిగూడెం వేలం కేంద్రంలో జరిగేది ఆ రెండో రకం పని. ఏ ఊరి క్లస్టరు ఏ రోజు బేళ్లు తేవాలో ముందే నిర్ణయమవుతుంది. తెచ్చిన బేలును బోర్డు కాటా మీద తూస్తారు, దానికో నంబరు పడుతుంది. షెడ్డులో బేళ్లు వరసలుగా పేర్చి, కట్టు విప్పి, ఆకు కనబడేలా ఉంచుతారు. బోర్డు ఉద్యోగి లోపలికి చెయ్యి పోనిచ్చి ఒక గుప్పెడు ఆకు పైకి లాగి, రంగు, మచ్చ, మెత్తదనం, చెమ్మ చూసి గ్రేడు కడతాడు. పైన బ్రైట్ ఆకు పెట్టి మధ్యలో లోగ్రేడు సర్దితే ఆ చేతికే చిక్కుతుంది. తర్వాత కంపెనీల బయ్యర్లు వరస వెంట కదులుతారు. ఒకప్పుడు ధర నోటితో పాడేవారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ వేలం వచ్చింది. బయ్యరు చేతిలో చిన్న యంత్రం ఉంటుంది, దాని మీదే ధర నొక్కుతాడు. ఎక్కువ పాడినవాడి పేరిట బేలు పడుతుంది. ఆ ధర నచ్చకపోతే రైతు ఇవ్వనని వెనక్కి తీసుకోవచ్చు. సొమ్ము నేరుగా బయ్యరు చేతి నుంచి రాదు. బోర్డు వసూలు చేసి, బ్యాంకు అప్పు మినహాయించాక మిగిలింది రైతు ఖాతాలో పడుతుంది.

బొంబాయిలో షేర్ల వ్యాపారం తెర మీదికి ఎక్కింది 1994లో, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి రాకతో. అంతకు ముందు బ్రోకరు ఏ ధరకు కొన్నాడో, మదుపరికి ఏ ధర చెప్పాడో తేల్చుకునే దారి లేదు. లెక్క తేలడానికి పద్నాలుగు రోజులు, ఆపై లెక్కను తర్వాతి విడతకు వాయిదా వేసే బద్లాలు. మెట్ట రైతు తన బేలు నంబరు, గ్రేడు, ధర రాసిన కాగితం చేతిలో పట్టుకుని ఇంటికెళ్లడం మొదలుపెట్టేనాటికి మదుపరికి ఆ భాగ్యం లేదు.

అయితే చట్టం చేయలేని పని ఒకటుంది. కొనేవాళ్లను పుట్టించలేదు. వేలంలో బయ్యర్లు ఎందరు నిలబడినా, పెద్ద సిగరెట్ కంపెనీలు, ఎగుమతిదారులు కలిపి అసలు కొనుగోలు శక్తి ఉన్నది కొద్దిమందికే. వాళ్లు మాట్లాడుకుని పాడకపోతే బేలు అలాగే ఉండిపోతుంది. దాన్ని రైతులు 'నోబిడ్' అంటారు. నోబిడ్ అయిన బేలును మళ్లీ బండెక్కించి ఇంటికి తోలుకుపోవాలి, మళ్లీ తేవాలి. కిరాయి, హమాలీ రెండుసార్లు. ఈలోగా ఆకు చెమ్మ పట్టవచ్చు, ఎండి పొడి రాలవచ్చు. 2015లో ధరలు పడిపోయినప్పుడు వేలం కేంద్రాలు ఆందోళనలతో అట్టుడికాయి. ప్రకాశం, పశ్చిమగోదావరి జిల్లాల్లో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వేలం, గ్రేడరు, కాటా అన్నీ ఉండి కూడా అలా జరిగింది.

అలాంటి ఏడు అధికారుల ముందు రైతులు మొదట అడిగేది 'రేటు ఎందుకు తగ్గించారు?' అనే. ఆ బాధలో ఎవరైనా అదే అడుగుతారు. దానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: విదేశాల్లో గిరాకీ లేదు, బ్రెజిల్ పంట ఎక్కువైంది, జింబాబ్వే ఆకు చవక. ఆ జవాబులో నిజం ఉండొచ్చు, దాన్ని రైతు తేల్చుకోలేడు. కొన్నేళ్లు కాటా దగ్గర నిలబడి రాటుదేలిన రైతు నాయకులు మరో రకంగా అడుగుతారు. ఈ రోజు వరసలో ఎందరు బయ్యర్లు ఉన్నారు, ఎందరు నిజంగా పాడారు? మీడియం గ్రేడులో ఎన్ని బేళ్లు నోబిడ్ అయ్యాయి? ఇదే గ్రేడు నిన్న దేవరపల్లిలో ఎంత పలికింది? సీజను మొదట్లో ఇంత కొంటామని కంపెనీలు బోర్డుకు ఇచ్చిన ఇండెంటు ఎంత, ఇప్పటిదాకా కొన్నది ఎంత? ఇవన్నీ బోర్డు లెక్కల్లో ఉండేవే. అధికారి వీటికి విదేశాల వైపు చూపించలేడు. ఏ జవాబు వచ్చినా దాని మీద మరో ప్రశ్న నిలబడుతుంది.

బయ్యర్లు చాలరన్న ఫిర్యాదుకు జవాబుగా 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఒక గట్టి ప్రయత్నం చేసింది. వ్యాపారులు కుమ్మక్కై ధర తొక్కుతున్నారన్న గోల మధ్య రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య అయిన మార్క్‌ఫెడ్‌ను కూడా ఒక బయ్యరుగా వేలంలోకి దించింది. కరోనా లాక్‌డౌన్‌తో వేలం ఆగి, ఆలస్యంగా మళ్లీ మొదలైన ఏడు అది. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, మార్క్‌ఫెడ్ రావడానికి ఒక వరస, ఒక యంత్రం, ఒక లెక్క ముందే ఉన్నాయి. 2025లో బర్లీ పొగాకు రైతులకు అవేమీ లేవు. బర్లీ బోర్డు వేలం పరిధిలోకి రాదు. బాపట్ల, ప్రకాశం, గుంటూరు వైపు రైతులు కంపెనీల మాట మీద పండించారు. తీరా ఆకు చేతికొచ్చాక కొనేవాళ్లు వెనకడుగు వేస్తే మార్క్‌ఫెడ్ మళ్లీ దిగాల్సి వచ్చింది. ఈసారి మొదటి నుంచీ ఏర్పాట్లు చేసుకుంటూ.

ప్రశ్న ఎవరిని అడిగామన్నది కూడా ముఖ్యమే. ఇందుకు తెలుగువాళ్లకు తెలిసిన పెద్ద ఉదాహరణ కొల్లేటికి అవతల, భీమవరం ప్రాంతంలో పుట్టిన బైర్రాజు రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఆయన రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని తేలింది. కంపెనీ ఏటా ఆడిట్ అవుతూనే ఉంది. బ్యాంకులో ఇంత సొమ్ము ఉందా అన్న ప్రశ్న ఆడిటర్ల దగ్గర లేక కాదు. ఆ ధ్రువీకరణ పత్రాలను బ్యాంకుల నుంచి తామే నేరుగా తెప్పించుకోకుండా కంపెనీ చేతికి వదిలేశారని 2011లో అమెరికా ఎస్‌ఈసీ ఆదేశంలో తప్పుపట్టింది. అంటే, సొమ్ము ఉందా అని సొమ్ము ఉందని చెప్పినవాళ్లనే అడిగారు. పొగాకు కాటా బయ్యరుది కాకుండా బోర్డుది కావాలనడంలో ఉన్న న్యాయం కూడా అదే. సత్యం లేఖ బయటికొచ్చాక సెబీ, ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలన్న నిబంధన తెచ్చింది. అంతకు ముందు అడగని ప్రశ్న అది.

అడగని ప్రశ్నకు మరో ఉదాహరణ ఏలూరు కోర్టు పేరును రాష్ట్రమంతా వినిపించేలా చేసింది. అది జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకున్న అగ్రిగోల్డ్ సంస్థ కేసు. 2015 జనవరిలో ఏలూరు పక్కన పెదపాడు స్టేషన్లో నమోదైన కేసు సీఐడీకి వెళ్లింది. దాదాపు 32 లక్షల మంది ఖాతాదారులు, ఆరు వేల కోట్లకు పైగా సొమ్ము. ప్లాంటేషన్ల పేరిట, పొలాల పేరిట జనం డబ్బు కలిపి వ్యాపారం చేసే సంస్థలు సెబీ దగ్గర రిజిస్టరు కావాలని 1999లోనే నిబంధనలు ఉన్నాయి. రాష్ట్రంలో డిపాజిటర్ల రక్షణ చట్టం కూడా అదే ఏడు వచ్చింది. నిబంధన లేక ఈ నష్టం జరగలేదు. డిపాజిట్ కట్టించుకునేవాడు బజారులో కనిపించే బ్రోకరు కాడు. మేనత్త కొడుకో, పక్కింటి మాస్టారో, పిల్లలకు ట్యూషన్ చెప్పే అబ్బాయో. చాప మీద కూర్చుని మజ్జిగ తాగుతూ 'నా మీద నమ్మకం లేదా పిన్నీ?' అంటాడు. ఆ మాటకు ఎవరు లేదంటారు? కంపెనీకి సెబీ అనుమతి ఉందా, ఉంటే ఆ నంబరు ఏది, డబ్బు మధ్యలో వెనక్కి కావాలంటే ఎవరికి రాయాలి అన్నవి అడిగితే ఆ అబ్బాయిని అవమానించినట్టవుతుందని మొహమాటపడతారు. నిజానికి చాలామంది ఏజెంట్లకూ ఆ జవాబులు తెలియవు. తాము కట్టింది, తమ తల్లిదండ్రులతో కట్టించింది కూడా పోగొట్టుకున్నారు. ముందుగా ఎవరైనా వాళ్లను నిదానంగా, ప్రేమగానే అడిగి ఉంటే, ఆ ప్రశ్న వాళ్లు పైవాళ్లను అడిగేవారు. 2019, 2021 సంవత్సరాల్లో రాష్ట్ర ప్రభుత్వం చిన్న మొత్తాల డిపాజిటర్లకు తన ఖజానా నుంచి చెల్లించింది. పెద్ద మొత్తాలవాళ్లు ఆస్తుల అమ్మకం కోసం కోర్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు దాటి కొల్లేటి వైపు దిగితే వేలం కేంద్రాలు కనబడవు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు చెరువుల్లో పెరిగిన చేప ఐసు పెట్టెల్లో కలకత్తాకు, అస్సాంకు పోతుంది. రొయ్య కంపెనీలకు పోతుంది. రొయ్య ధర కౌంటు మీద: కిలోకు ఎన్ని తూగితే అన్ని కౌంటు. యాభై కౌంటుకు ఒక ధర, వందకు ఇంకో ధర. పట్టుబడి నాడు చెరువు గట్టు మీద వలలోంచి కొంత ముంచి, నీరు వడకట్టి, తూచి, ఒక్కొక్కటీ లెక్కపెడతారు. రెండు రొయ్యలు అటూ ఇటూ అయితే కౌంటు మారుతుంది, కౌంటు మారితే టన్నుకు వేలల్లో తేడా. ఆ ముంచే గిన్నె, ఆ కాటా కొనేవాడివే. నీరు ఎంతసేపు వడకట్టారన్నదీ అతని ఇష్టమే. 2020లో రాష్ట్రం ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం తెచ్చింది. మేత, సీడు, ప్రాసెసింగ్, రైతు ఫిర్యాదులు అన్నీ దాని కిందికి తెచ్చింది. ధర కుప్పకూలినప్పుడల్లా ప్రభుత్వం ఎగుమతిదారులను పిలిచి కౌంటువారీ ధరలు ప్రకటిస్తోంది. ప్రకటించిన ధర గట్టు దాకా చేరిందా అన్న తగువు ప్రతిసారీ మిగులుతోంది.

రొయ్య గంటల్లో పాడయ్యే సరుకు. బేళ్లలా షెడ్డులో వరసగా పేర్చి వేలం వేయడం దానికి కుదరదు. కానీ మెట్ట రైతు 1985లో సాధించుకున్నవాటిలో మూడింటిని గట్టు మీదికి తేవడానికి ఏ అడ్డూ లేదు: కొనేవాడిదీ అమ్మేవాడిదీ కాని కాటా, కౌంటూ ధరా తేదీతో రాసిచ్చిన చీటీ, సొమ్ము ఎన్ని రోజుల్లో పడాలో ముందే చెప్పే నియమం. కైకలూరులో పట్టుబడికి ముందు రైతు ఈ మూడూ పేరుపేరునా అడిగితే, జంగారెడ్డిగూడెం కాటా దగ్గర దశాబ్దాలుగా జవాబు దొరుకుతున్న ప్రశ్నలనే అతను అడిగినట్టు.